చెయ్యి కదిలితేనే నడిచే వాచీ

మొన్న మా అమ్మాయి బలవంతాన నా చేతికి ఒక కొత్తరకం వాచీ తగిలించి వెళ్లింది. నల్లటి అద్దం ముక్కలా ఉండే ఆ వస్తువు, నేను పేపరు పట్టుకుని కాసేపు కుర్చీలో కూర్చుంటే చాలు, చేతిమీద చీమ పాకినట్టు చక్కిలిగింత పెట్టి, ఇక లేచి నడవమని బొమ్మ చూపిస్తుంది. ఢిల్లీలో మా జనక్‌పురి పార్కులో నాతోపాటు నడిచే నా వయసువాళ్లందరి చేతులకీ ఇప్పుడు ఇలాంటివే ఉన్నాయి. ఎవరెంత నడిచారో బెంచీ మీద కూర్చుని ఒకరికొకరు చూపించుకుని మురిసిపోతుంటారు. నేనూ చూపిస్తాను, నేనూ నవ్వుతాను. కానీ అది మొదటిసారి చక్కిలిగింత పెట్టిన ఉదయం మాత్రం నాకు నవ్వు రాలేదు. మనిషి కదలడం లేదని ఒక వాచీ చెప్పడం నాకు కొత్త కాదు. సరోజినీ నగర్ గవర్నమెంటు క్వార్టర్లో మేము కాపురమున్న రోజుల్లో ఇంకో వాచీ ఇదే సంగతి చెప్పింది. అప్పుడు నేను దాన్ని వేరేగా అర్థం చేసుకున్నాను.

ఆ వాచీ మా అన్నయ్యది. అన్నయ్య నేవీలో డైవరుగా పనిచేశాడు. అంటే నీళ్లలో మునిగి ఓడల అడుగున పట్టిన నాచూ గుల్లలూ గీకడం, సముద్రంలో పడిపోయిన సామాను వెతికి తాడు కట్టి పైకి పంపడం లాంటి పనులు. ఈ ఉద్యోగం ఏమిటో ఢిల్లీలో ఎవరికీ ఒక పట్టాన అర్థమయ్యేది కాదు. మా పక్క క్వార్టర్లోని పంజాబీ ఆంటీ డైవర్ అన్నది డ్రైవర్ అనే విని, ఒకరోజు మెట్ల దగ్గర అన్నయ్యని నిలబెట్టి, "భాయీ సాబ్, ఆప్ కౌన్‌సీ గాడీ చలాతే థే?" అని, ఏ బండి నడిపేవాడని అడిగింది. అన్నయ్య తొణక్కుండా, "పానీవాలీ గాడీ, బహన్‌జీ. ఊపర్ నహీ, నీచే సే" అన్నాడు, పైనుంచి కాదు, కిందనుంచి నడిపే నీళ్ల బండి అని. ఆవిడకి అది కూడా అర్థం కాలేదు గానీ, ఆ రోజునుంచీ మా ఇంటి కుళాయి చెడినా వాళ్లింటి కుళాయి చెడినా అన్నయ్యనే పిలిచేది.

నేవీ నుంచి రిటైరయ్యేనాటికి అన్నయ్యకి పెద్ద వయసేమీ లేదు. పెళ్లి మాట ఎప్పుడెత్తినా నవ్వి తప్పించుకున్నవాడు కాబట్టి వెనక సంసారమూ లేదు. గుర్గావ్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో పిల్లలకి ఈత నేర్పే ఉద్యోగం దొరికింది. అక్కడే గది చూసుకుంటానంటే, నేనుండగా నీకు వేరే గది ఏమిటని పట్టుబట్టి మా ఇంటికి తీసుకొచ్చింది నేనే. అది రెండు గదుల క్వార్టరు. వెనక బాల్కనీకి అద్దాల తలుపులు పెట్టించి అందులో నవారు మంచం వేశాం. ఆ మంచం కింద నేవీ వాళ్ల నల్ల ట్రంకుపెట్టె ఒకటి, గోడకి ఒక చిన్న అద్దం, అంతే అన్నయ్య సామాను. మిగిలిందంతా ఎడమచేతి మీదే ఉండేది.

ఆ వాచీని గురించి కొంచెం చెప్పాలి. ఏదో విదేశీ రేవులో కొన్నాడు. మందపాటి ఉక్కు, బొద్దుగా, బరువుగా ఉండేది. ఒక చివర రాయి కొట్టుకుని లొత్త పడింది, పట్టీ ఉప్పునీళ్లకి రంగు మారింది, అయినా దాని అద్దం వెనక ఒక్క చెమ్మ చుక్క చేరలేదు. బ్యాటరీ ఉండదు, కీ ఇవ్వడానికీ వీల్లేదు. లోపల అర్ధచంద్రంలాంటి బరువైన బిళ్ల ఒకటి ఉంటుందట. మనిషి చెయ్యి ఊగినప్పుడల్లా అదీ ఊగి స్ప్రింగు చుట్టుకుంటుంది. కట్టుకున్నవాడు బతుకులో మామూలుగా తిరుగుతుంటే చాలు, అది నడుస్తుంది. పొద్దున్నే రేడియోలో టైము చెప్పే ముందు వచ్చే బీప్ శబ్దానికి అన్నయ్య దాన్ని సరిచూసుకునేవాడు. అది రోజూ కొన్ని సెకన్లు ముందుకు పోయేది. అలాంటప్పుడు గొప్పేమిటని నేను వెక్కిరిస్తే, "తేడా ఉండొచ్చురా, తేడాలో తేడా ఉండకూడదు. రేపు కూడా ఇంతే ముందుంటాది, చూసుకో" అనేవాడు. మర్నాడు చూస్తే అంతే ఉండేది.

అద్దం చుట్టూ అంకెలున్న వలయం ఒకటి ఉండేది. నీళ్లలో దిగేముందు దాని గుర్తును నిమిషాల ముల్లుకి ఎదురుగా పెట్టుకుంటే, ఎంతసేపటినుంచి లోపలున్నామో చూడగానే తెలుస్తుంది. ఆ వలయం ఎడమవైపుకే తిరుగుతుంది, కుడివైపుకి ఎంత బలంగా తిప్పినా కదలదు. ఎందుకలా అని ఒకసారి అడిగాను. నీటి అడుగున ఏ రాతికో తగిలి అది ఎడమకి జరిగిందనుకో, ఉన్నదానికంటే ఎక్కువసేపు ఉన్నట్టు చూపిస్తుంది, మనిషి తొందరపడి పైకొచ్చేస్తాడు, అదే కుడికి జరిగితే గాలి ఇంకా ఉందనుకుని అడుగునే ఉండిపోతాడు అని చెప్పాడు. ఇంట్లో మాత్రం ఆ వలయం మా ఆవిడ వంటకి పనికొచ్చేది. ఆవిడ పప్పు పొయ్యి మీద పెట్టి, "బావగారూ, తిప్పండి" అని వంటింట్లోంచి కేకేసేది. టైము కాగానే అన్నయ్య, "అమ్మాయ్, పప్పు పైకి తేలాలి" అని బాల్కనీలోంచి ఆర్డరు వేసేవాడు. అప్పటికి చిన్నదైన మా అమ్మాయి అన్నయ్య ఒళ్లో కూర్చుని ఆ వలయాన్ని టికటికమని తిప్పుతూ ఉండేది. స్కూలు అలవాటు ప్రకారం ఆయన్ని తావూజీ అని పిలిచేది. "తావూజీ ఏటే, మిఠాయి పేరులాగ? పెదనాన్నా అను" అంటే, "ఓకే తావూజీ" అనేది.

మన తరం వాళ్లకి ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. రోడ్లన్నీ మెట్రో పనుల కోసం తవ్వి పోసి, ఎక్కడ చూసినా నీలిరంగు రేకులు కట్టి ఉండేవి. ఆఫీసులకి, నెలకింతని కట్టి ఎక్కే ఛార్టర్డ్ బస్సుల్లో వెళ్లేవాళ్లం. ఆ బస్సు ఎవరికోసమూ ఆగదు. అన్నయ్య గుర్గావ్ వెళ్లే బస్సు మా మార్కెట్ మలుపులో ఎక్కేవాడు. వాచీ చూసుకుని గుమ్మం దాటేవాడు, ఆయన మలుపు చేరడమూ బస్సు రావడమూ ఒకటే అయ్యేది. అలాంటి మనిషి ఒక చలికాలం బస్సు తప్పిపోవడం మొదలుపెట్టాడు. వాచీ వెనకబడుతోందన్నాడు. కొన్నాళ్లకి పొద్దున్న లేచేసరికే ఆగిపోయి ఉంటోందన్నాడు. రెండు మూడుసార్లు ఊపితే మళ్లీ నడుస్తుంది, మళ్లీ తెల్లారేసరికి ఆగిపోతుంది. మార్కెట్లో వాచీలు బాగుచేసే కొట్లో ఇస్తే, వాళ్లు విప్పి చూసి నూనె వేసి, ఏ లోపమూ లేదని తిరిగి ఇచ్చారు.

అదే సమయంలో అన్నయ్యలో కూడా కొన్ని మార్పులు వచ్చాయి. చొక్కా బొత్తాలు పెట్టుకోవడానికి అద్దం ముందు చాలాసేపు నిలబడేవాడు. నడుస్తుంటే ఎడమకాలి చెప్పు నేలకి రాసుకునేది. ఒకరోజు మా ఆవిడ నాతో, "ఏమండీ, బావగారు ఈమధ్య మాట మింగేస్తున్నారు, గమనించారా?" అంది. గమనించాననీ, కారణం కూడా నాకు తెలుసనీ అన్నాను. కారణం నా దృష్టిలో ఒక్కటే, మందు.

ఇలా అనుకోవడానికి నాకు ఆధారమేమీ లేదు. మాజీ సైనికులకి క్యాంటీన్లో సీసాలు చౌకగా దొరుకుతాయని మీకు తెలుసు. అన్నయ్య తన వాటా తెచ్చేవాడు, నిజమే. కానీ తెమ్మన్నది నేను. ఆ సీసాల్ని మా ఆఫీసు పైవాళ్లకి పండగలకి చేరవేసి మంచివాడిననిపించుకున్నదీ నేనే. అన్నయ్య గ్లాసు పట్టుకోవడం నేను చూసింది బహు తక్కువ. అయినా నేవీ మనిషి, ఒంటరివాడు, సీసా దొరికేవాడు అన్న మూడు మాటలూ పక్కపక్కన పెట్టుకుని నా మనసులో లెక్క తేల్చేశాను. ఇది నేనొక్కణ్ణే చేసిన తప్పు కూడా కాదు, మా కాలనీ తెలుగువాళ్లలో ఏ ఫౌజీ కొంచెం తడబడ్డా అందరూ మొదట అనే మాట అదే. కానీ వాళ్లెవరూ ఆయన తమ్ముళ్లు కారు.

అప్పుడు నేను ఒక పరీక్ష పెట్టాను. నీ వాచీ ఒక వారం నాకివ్వు, లోపం వాచీలో ఉందో నీలో ఉందో తేలిపోతుంది అన్నాను. అన్నయ్య సరదాగానే విప్పి ఇచ్చాడు. ఆ వారమంతా నేను దాన్ని కట్టుకుని స్కూటరు నడిపాను, ఫైళ్లు తిప్పాను, కూరల సంచులు మోశాను. రోజూ రేడియోతో సరిచూశాను. అది ఒక్కసారి కూడా ఆగలేదు, ఎప్పటిలాగే రోజూ అవే కొన్ని సెకన్లు ముందుకు పోయింది. ఆలోచించేవాడికి అక్కడే తెలియాలి, ఒకే వాచీ నా చేతికి నడిచి ఆయన చేతికి నడవకపోతే, చూడవలసింది ఆయన చేతిని. నేను చూడలేదు. నాకు దొరికింది తాగుడికి సాక్ష్యం అనుకున్నాను.

ఆ ఆదివారం మా ఆఫీసులో పనిచేసే ఒక తెలుగాయన సకుటుంబంగా ఇంటికొచ్చాడు. మా ఆవిడ పిల్లలకి ఏదో పెడుతుంటే అన్నయ్య టీ కప్పులున్న ట్రే పట్టుకుని హాల్లోకి వచ్చాడు. ఎడమ చెయ్యి కిందకి వాలింది. కప్పులు జారి టీ అంతా తివాచీ మీదా ఆ వచ్చినావిడ చీర అంచు మీదా పడింది. ఆ తెలుగాయన మంచివాడే, ఇబ్బంది పోగొట్టడానికి నవ్వుతూ, "పర్వాలేదండీ, నేవీ వారు కదా, వారి ఓడ ఇంకా ఊగుతున్నట్టుంది" అన్నాడు. అందరూ నవ్వారు, అన్నయ్య కూడా నవ్వాడు. నాకు మాత్రం ఆ మాటలో ఓడ వినపడలేదు, సీసా వినపడింది. వాళ్లు వెళ్లేదాకా పళ్లు బిగబట్టుకుని కూర్చున్నాను.

వాళ్లు మెట్లు దిగిన వెంటనే మొదలుపెట్టాను. పరువు, పైవాళ్లు, ఆడపిల్ల ఉన్న ఇల్లు, నోటికొచ్చినవన్నీ అన్నాను. అన్నయ్య నేల మీద కూర్చుని తివాచీ తుడుస్తున్నాడు.

"ముట్టుకోలేదురా," అన్నాడు తలెత్తకుండా. "నీ మీదొట్టు. ఈ చెయ్యే ఏటో మాట వినడంలేదు."

"మరి ఇదేమిటి?" అంటూ నా చేతి వాచీ విప్పి టీపాయ్ మీద పెట్టాను. "వారమంతా నా దగ్గర శుభ్రంగా నడిచిందిది. వాచీ అబద్ధం చెప్పదన్నయ్యా. మనిషి కదిలితే నడుస్తుంది. నీ చేతికి ఎందుకు నడుస్తుంది? ఎప్పుడు చూసినా పడి ఉంటున్నావు!"

మనవాళ్లకి ఈ మాట ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు. తాగి ఒళ్లు తెలియకుండా ఉన్నవాడూ పడి ఉంటాడు, ఇంకొకరి కొంపలో ఇంకొకరి తిండి తింటూ రోజులు గడిపేవాడూ పడి ఉంటాడు. నేను మొదటిదే అన్నానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. ఇప్పుడు ఈ వయసులో నిజాయితీగా వెనక్కి చూసుకుంటే, ఆ రెండోది కూడా నాలో ఎక్కడో లేకపోతే ఆ మాటే నా నోటికి రాదనిపిస్తుంది. అన్నయ్య విన్నది మాత్రం రెండోదే. తుడవడం ఆపి నా ముఖంలోకి చూశాడు. తర్వాత లేచి వాచీ తీసుకుని ఎడమచేతికి పెట్టుకున్నాడు. కొక్కెం పడలేదు. కుడిచేతి వేళ్లతో మళ్లీ మళ్లీ నొక్కాడు, పడలేదు. నేను మూరెడు దూరంలో నిలబడి ఉన్నాను. చెయ్యి చాపితే పడిపోయేది ఆ కొక్కెం. తాగినవాడికి వేళ్లు ఎలా ఆడతాయిలే అనుకుంటూ చూస్తూ నిలబడ్డాను. చివరికి మా అమ్మాయి వచ్చి, "తావూజీ, మై కర్ దూఁ?" అంటూ తనే ఆ కొక్కెం పెట్టింది.

మర్నాడు అన్నయ్య ట్రంకుపెట్టె పట్టుకుని వెళ్లిపోయాడు. స్కూలు దగ్గరే గది దొరికిందని మా ఆవిడతో చెప్పాడట. ఆవిడ అప్పుడప్పుడు ఫోను చేస్తే బాగానే ఉన్నానని చెప్పేవాడు, గొంతు అంత నెమ్మదిగా ఎందుకుందని అడిగితే సిగ్నలు లేదనేవాడు. వెళ్లి చూసొద్దామని ఆవిడ ఎన్నిసార్లు అడిగినా నేను కదల్లేదు. ముందు ఆయన మానేస్తే అప్పుడు చూద్దాం అనేవాణ్ణి, లేనిదాన్ని ఆయన ఎలా మానేస్తాడు? నేను కోపమనుకున్నది కోపమూ కాదు. అన్నయ్య లేకపోవడంతో ఇల్లు కాస్త విశాలమైంది, ఆ విశాలం నాకు హాయిగానే ఉంది. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

చాలాకాలానికి ఆయన గది యజమాని దగ్గరినుంచి ఫోనొచ్చింది. మీ భాయీ సాబ్‌ని తీసుకెళ్లండి అన్నాడు. మేము వెళ్లేసరికి అన్నయ్య మంచం మీద కూర్చుని ఉన్నాడు. చొక్కా వేసుకున్నాడు, బొత్తాలు పెట్టుకోలేదు. పిల్లలతో నీళ్లలోకి దిగడం కష్టమవుతుంటే స్కూలువాళ్లు ఎప్పుడో మాన్పించారట. గదంతా వెతికినా, సిగ్గుచేటే అయినా చెప్తాను, ఆ స్థితిలో కూడా నా కళ్లు మూలమూలకీ పోయి వెతికాయి, సీసా ఒక్కటీ లేదు.

పెద్దాసుపత్రిలో డాక్టరు గారు అన్నయ్యని పరీక్ష బల్ల మీద పడుకోబెట్టనే లేదు. వరండాలో అటూ ఇటూ నడవమన్నారు. అన్నయ్య నడిచాడు. కుడిచెయ్యి ఊగుతోంది, ఎడమచెయ్యి పక్కన కొయ్యలా వేలాడుతోంది. "ఈ చెయ్యి ఊగడం ఎప్పటినుంచి తగ్గిందో మీలో ఎవరైనా గమనించారా?" అని అడిగారు. మా ఆవిడ నా వైపు చూసింది. పార్కిన్సన్స్ అన్నారు. నయమయ్యేది కాదు గానీ, మొదట్లోనే మందులు వేసుకుని ఉంటే మరికొంతకాలం తన పని తాను చేసుకుని ఉండేవారేమో అన్నారు. పని అంటే అన్నయ్యకి నీళ్లు. ఆయన మళ్లీ నీళ్లలో దిగలేదు.

అన్నయ్యని ఇంటికి తెచ్చుకున్నాం. మాత్రలు గంటలు తప్పకుండా పడాలి, లేకపోతే కుర్చీలోంచి లేవలేడు. ఆ లెక్క చూసుకునే పని మళ్లీ ఆ వాచీకే పడింది, వలయం తిప్పే పని మా అమ్మాయికి. ఇంకొన్నాళ్లకి ఎడమచేతికి వణుకు మొదలైంది. ఊరికే ఒళ్లో పెట్టుకున్నా ఆ చెయ్యి ఆగేది కాదు, బొటనవేలూ చూపుడువేలూ ఏదో నలుపుతున్నట్టే ఉండేవి. అప్పటినుంచి వాచీ ఆగిపోవడం మానేసింది. రేడియోకి సరిచూస్తే పాత రోజుల్లోలాగే అవే కొన్ని సెకన్లు ముందుండేది. సముద్రాన్ని తట్టుకున్న ఆ ఉక్కుకి చెయ్యి ఎందుకు కదులుతోందన్నది అక్కర్లేదు, కదిలితే చాలు. అది అంత ఠంచనుగా నడవడం చూసి మా అమ్మాయి మొదట్లో సంతోషపడి చప్పట్లు కొట్టింది. నేను లేచి బాల్కనీలోకి వెళ్లిపోయాను.

అన్నయ్య నన్ను ఏనాడూ నిష్ఠూరమాడలేదు. కానీ ఎవరైనా వచ్చి కులాసాగా ఉన్నారా అని పలకరిస్తే, "ఆఁ, తమ్ముడింట్లో పడుంటున్నాను" అనేవాడు. వచ్చినవాళ్లు అది మామూలు మాటే అనుకునేవారు.

మేము జనక్‌పురి ఫ్లాటుకి మారాక, ఒక మధ్యాహ్నం ఇంట్లో ఇద్దరమే ఉన్నప్పుడు, టీ పెట్టి ఆయన ముందు పెట్టి, ఎదురుగా కూర్చుని, ఇన్నాళ్లూ గొంతులో పెట్టుకున్నదంతా చెప్పేశాను. సీసా సంగతి, పరీక్ష సంగతి, కొక్కెం పెట్టకుండా చూస్తూ నిలబడిన సంగతి, ఫోను వచ్చేదాకా వెళ్లకపోవడం. క్షమించమని అడిగాను. అప్పటికి జబ్బు అన్నయ్య ముఖాన్ని కూడా పట్టేసింది. ఆ జబ్బులో ముఖం కదలికలు పోతాయని, లోపల ఏమున్నా పైకి కనపడదని డాక్టరు ముందే చెప్పారు. రెప్ప కూడా వాల్చకుండా నన్ను చూస్తూ కూర్చున్నాడు. ఎత్తూ పల్లమూ లేని గొంతుతో, "టీ చల్లారిపోతోందిరా," అన్నాడు.

అన్నయ్య పోయి చాలా ఏళ్లయింది. సరోజినీ నగర్‌లో మేమున్న క్వార్టర్లన్నీ కూల్చేసి ఆకాశమంత కట్టడాలు లేపారు. గుర్గావ్‌కి ఇప్పుడు ఛార్టర్డ్ బస్సు కోసం పరిగెత్తనక్కర్లేదు, మెట్రో పోతుంది. అన్నయ్య జబ్బు పేరు ఇవాళ పార్కు బెంచీ మీద కూర్చున్న ప్రతివాడికీ తెలుసు, ఒకరి చెయ్యి కాస్త బిగుసుకుంటే పక్కవాడే డాక్టరు దగ్గరికి లాక్కుపోతున్నాడు. మారవలసినవన్నీ మారాయి, బాగానే మారాయి. నేను మాత్రం ఆ టీ మాటను ఇన్నేళ్లుగా తిప్పి తిప్పి చూసుకుంటున్నాను. పాత రోజుల్లో అన్నయ్య ఆ ముక్కే అని ఉంటే, అది పోనీలేరా అనడమో, ఇక ఆ సంగతి ఎత్తకు అనడమో, ముఖం చూసి చిన్నపిల్ల కూడా చెప్పేసేది. అడగవలసింది ఆ ముఖం కదిలే రోజుల్లో. నేను అడిగేనాటికి ఆయన క్షమించినా నాకు తెలిసే దారి లేదు, క్షమించకపోయినా లేదు. ఆ రోజు టీ ఇద్దరమూ తాగలేదు.